దూలం కింద రెక్కల బండి

స్టేషను గోడ మీద గడియారం ఒంటిగంట చూపిస్తోంది. నాలుగింటికి మేస్త్రిని కోర్టులో పెడతారు. మధ్యలో ఉన్నది మూడు గంటలు. తాళాలాయన ఇంకాస్త వ్యవధి ఇమ్మని అడగలేదు. అడిగినా ఇచ్చేవాళ్ళు లేరు.

ఆయన్ని అందరూ తాళాలాయన అనే అంటారు. ఒకప్పుడు వీధి మలుపులో చిన్న బల్ల వేసుకుని తాళాలు బాగుచేసేవాడు. పోయిన తాళంచెవుల కోసం వచ్చినవాళ్ళు పోయిన వస్తువుల కోసం రావడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పోయిన మనుషుల కోసం వచ్చారు. ఇప్పుడు గుమ్మం మీద డిటెక్టివ్ అని బోర్డు ఉంది. పేరు మాత్రం పాతదే మిగిలింది.

లాకప్పులో ఉన్న మేస్త్రి ఆయన చెల్లెలి మొగుడు. రేకులు సాగగొట్టి, వెల్డింగు పెట్టి బళ్ళకి ఒళ్ళు కట్టే పని అతనిది. "ఆ మసి మనిషికా నువ్వు దొరికావ్?" అని పెళ్ళినాడు చెల్లెలి మొహం మీదే అని వచ్చేశాడు తాళాలాయన. ఎనిమిదేళ్ళు మాటల్లేవు. నిన్న సాయంత్రం ఆ చెల్లెలే వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆయన చేసిన తలుపే మనిషిని చంపిందంటున్నారు అన్నయ్యా. తలుపుల సంగతి నీకంటే తెలిసినవాళ్ళు నాకు లేరు. ఉంటే నీ గుమ్మం తొక్కేదాన్ని కాదు," అంది.

అంతే చెప్పి వెళ్ళిపోయింది.

చనిపోయినవాడు పళ్ళ డాక్టరు. ఒంటిగాడు. రెక్కల్లా పైకి లేచే తలుపులున్న కారు కావాలని ముచ్చటపడి మేస్త్రి చేత కట్టించుకున్నాడు. మూడు రోజుల కిందట పొద్దున ఎనిమిదింటికి సొంత షెడ్డులో, ఆ కారులోనే, డ్రైవరు సీటులో చచ్చిపోయి కనిపించాడు. ఇంజను నడుస్తూనే ఉంది. షట్టరు దించి ఉంది. షెడ్డు కప్పు కింద అడ్డంగా ఒక ఇనప దూలం. తలుపు జానెడు లేచి ఆ దూలానికి తగిలి ఆగిపోతుంది. కిటికీ అద్దంలో తెరుచుకునేది చెయ్యి పట్టేంత కంత మాత్రమే. దిగలేక, పొగలో ఊపిరాడక పోయాడని ఇన్‌స్పెక్టరు రాశాడు. మనిషి దిగలేని తలుపు చేసినందుకు మేస్త్రి మీద కేసు.

తాళాలాయన లాకప్పు ఊచల దగ్గర ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు.

"మీరొచ్చారేంటి బావగారూ?" అన్నాడు మేస్త్రి. గడ్డం మాసిపోయి ఉంది.

"నీ కోసం కాదు."

"తెలుసులెండి."

"అంత కిందికున్న కప్పుకి అలాంటి తలుపెందుకు పెట్టావ్?"

"నేను వద్దన్నాను. మామూలు తలుపు పెట్టించుకోండి డాక్టరు గారూ, చూడ్డానికి బాగుంటే చాలదు, దిగడానికి కూడా బాగుండాలన్నాను. వింటేగా! సందుల్లో అయితే ఇది మంచిదే బావగారూ. పక్కన జానెడు చోటున్నా దిగొచ్చు. మామూలు తలుపైతే అవతల బండికి గీసుకుంటుంది. పైన అడ్డముంటేనే తంటా. వానొస్తే ఇంకో తంటా."

"వానకేమైంది?"

"తలుపుతో పాటు కప్పులో సగం కూడా లేస్తుంది కదా. కప్పు మీద నిలిచిన నీళ్ళన్నీ ఆ పక్క సీటులోకి దూకుతాయి. డాక్టరు గారు దానికీ నవ్వేవారు. బండిలోనే స్నానం కూడా పెట్టించావయ్యా అనేవారు." మేస్త్రి నవ్వబోయాడు. నవ్వు సగంలోనే చచ్చిపోయింది.

"షెడ్డులో ఎలా పెట్టేవాడు?"

"బయటే దిగిపోయేవారు. ఇంజను ఆపి, తలుపు మూసి, చేత్తో తోసేసేవారు. ఫైబరు ఒళ్ళు, తేలిక. ఒక్క మనిషి చాలు."

"మర్చిపోయి నడిపేసుకుంటూ లోపలికి పోతే?"

మేస్త్రి ఊచలు పట్టుకుని ముందుకి వంగాడు. "దానికీ ఏర్పాటుంది. తల మీద రెండు రింగులు పెట్టాను, ఒక్కో తలుపుకి ఒకటి. లాగితే మడత బందుల్లో సీలలు ఊడొచ్చి తలుపు మొత్తం పక్కకి పడిపోతుంది. డాక్టరు గారి చేత మూడుసార్లు లాగించాను. ఊరికే చెయ్యి తగిలి ఊడకుండా రింగుకి ఎర్ర దారం కట్టాను. లాగితే అదే తెగుతుంది."

"ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?"

"చెప్పబోయాను. నోరు మూసుకోమన్నాడు."

"బండిని చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నావ్?"

"ఆయన పోయిన ముందు రోజు సాయంత్రం, ఆరున్నరకి. డ్రైవరు పక్క సీటు వైపు తలుపుకి పట్టీ తెగిపోయిందన్నారు. తలుపు పైకి లేచిపోతే కిందికి లాక్కోవాలంటే పట్టీ ఉండాలి కదా. డ్రైవరు వైపు పట్టీ తల పైనే వేలాడుతుంది. అటువైపు ఎక్కినవాళ్ళంతా చెయ్యి అందట్లేదని గొణిగేవారట. అందుకని కొత్తది పొడుగ్గా కుట్టాను. బండి అస్తరు చాటుగా కిందికి దింపి, దాని కొస సీటు వెనక పక్కన, నడుము దగ్గర, చిన్న జేబులో దూర్చేశాను. చూస్తే కనబడదు. చెయ్యి వెనక్కి పెడితే దొరుకుతుంది. డాక్టరు గారు కూర్చుని చూసి, భలే దాచావయ్యా అన్నారు."

తాళాలాయన పీటని ఊచలకి దగ్గరగా జరుపుకున్నాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. "ఈ జేబు సంగతి ఇంకెవరికి చెప్పావ్?"

"ఎవరడిగారు గనక?"

"ఇకమీద ఎవరడిగినా చెప్పకు."

వెనక బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. స్టేషనులో వాళ్ళు ఆయన వెనక 'ఇస్త్రీ' అంటారు. చొక్కా మీద ముడత ఉండదు. మాటలో మెత్తదనమూ ఉండదు.

"తాళాలు బాగుచేసుకునేవాళ్ళకి నా స్టేషన్లో ఏం పని పెద్దాయనా?"

"బండి చూడాలి."

"చూసుకో. చుట్టరికం కదా, తనివితీరా చూసుకో. మా కానిస్టేబుల్ వెంట వస్తాడు, సీళ్ళు విప్పుతాడు. మళ్ళీ వేస్తాడు. ప్రతిదానికీ టైము రాస్తాడు. మూడున్నరకి కాయితాలు నా బల్ల మీద ఉండాలి."

"మీరు ఆ బండిలో ఎప్పుడైనా కూర్చున్నారా?"

"నేనా? ఆ కోళ్ళ గంపలోనా?" ఇస్త్రీ పకపకా నవ్వాడు. "శవాన్ని దింపేటప్పుడు కూడా పది అడుగుల అవతల నిలబడ్డాను. చెయ్యి కూడా వెయ్యలేదు. కావాలంటే పంచనామా చదువుకో. చదువొచ్చా?"

"కూడబలుక్కుంటాను," అన్నాడు తాళాలాయన.

షెడ్డుకి చేరేసరికి ఒంటిగంటా నలభై అయింది. డాక్టరు ఆసుపత్రి వెనక పెరట్లో ఉంది అది. ఎప్పుడో స్కూటర్ల కోసం కట్టింది. ఇటుక గోడలు, రేకు కప్పు, ముందు షట్టరు. నేల మీద నూనె మరకలు. మూడు రోజులైనా పొగ కంపు పోలేదు.

కంపౌండరు షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా డాక్టరు దగ్గర పళ్ళు కడిగిన నీళ్ళు పారబోసినవాడు. నోట్లో నాలుక లేని మనిషి. నుదుటి మీద అడ్డంగా ఒక మచ్చ ఉంది.

"అదేంటి?" అన్నాడు తాళాలాయన.

"ఈ తలుపే సార్. దిగేటప్పుడు వంగడం మర్చిపోతే అంచు ఇక్కడే కొడుతుంది. డాక్టరు గారికీ రెండుసార్లు తగిలింది, ఇక్కడే."

"పోయిన రోజు ఆయనకి దెబ్బ ఎక్కడుంది?"

కంపౌండరు చెయ్యి తన చెవి వెనక్కి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. "ఇక్కడ సార్... కొట్టుకుంటున్నప్పుడు తలుపు తగిలిందని రాసుకున్నారు."

"కూర్చున్నవాడి చెవి వెనక సీటు మెత్త ఉంటుంది. తలుపెలా తగిలింది?"

కంపౌండరు చెయ్యి దించేసుకున్నాడు. వెంట వచ్చిన కానిస్టేబుల్ చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. బక్కపలచని మనిషి. చెవిలో పెన్ను, చేతికి పెద్ద గడియారం.

"ఆ రోజు పొద్దున ఏం జరిగిందో వరసగా చెప్పు," అన్నాడు తాళాలాయన.

"ఆరింటికి డాక్టరు గారు బండి తీశారు సార్. వాకిలి ఊడుస్తున్నాను నేను. చేతిలో చిన్న అట్టపెట్టె ఉంది. లోపల పళ్ళ అచ్చు. సుద్దతో తీస్తారే, అది. పోయినేడాది అచ్చు. ఎక్కడికి సార్ అంటే, ఒక పెద్దమనిషిని దారిలో ఎక్కించుకోవాలన్నారు. ఒక తప్పు సంతకం పెట్టానయ్యా, ఇవాళ దిద్దుకుంటాను అన్నారు. రాత్రంతా నిద్ర లేనట్టున్నారు. మొహం పీక్కుపోయి ఉంది."

"ఎవరి పళ్ళు?"

"చెప్పలేదు సార్."

"వాన ఎప్పుడు పడింది?"

"ఆరుంబావుకి మొదలైంది. ఏడింటి దాకా కొట్టింది. నేను ఇంటికెళ్ళి స్నానం చేసి ఎనిమిదింటికి వచ్చాను. షట్టరు కింద నుంచి పొగ వస్తోంది..." భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "షట్టరెత్తి, ఇంజను తాళం తిప్పడానికి కంతలోంచి చెయ్యి పెట్టాను. ఒళ్ళు చల్లగా తగిలింది సార్."

"పెట్టె?"

"బండిలో లేదు సార్. అంతా వెతికాం."

"ఫోను ఎన్నింటికి చేశావ్?"

"ఎనిమిదీ అయిదుకి. ఇన్‌స్పెక్టరు గారు ఎనిమిదీ పదికల్లా వచ్చేశారు."

తాళాలాయన కానిస్టేబుల్ వైపు తిరిగాడు. "స్టేషను నుంచి మనం ఎంతసేపట్లో వచ్చాం?"

"ఇరవై అయిదు నిమిషాలు సార్." కానిస్టేబుల్ పుస్తకంలో వెనక్కి తిప్పాడు. "ఆ రోజు సారు వాకింగులో ఇటే ఉన్నానన్నారు. నేను ఎనిమిదిన్నరకి వచ్చాను. సారు మామూలు బట్టల్లో ఉన్నారు. పన్నెండేళ్ళ సర్వీసులో సారుని యూనిఫారం లేకుండా చూడటం అదే మొదలు. ఇస్త్రీకి ఇవాళ కరెంటు పోయిందేమో అనుకున్నాం మేము." నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడంతో మానేశాడు.

"బండిని తర్వాత ఏం చేశారు?"

"పెరట్లోకి తోసి, డ్రైవరు వైపు తలుపెత్తి శవాన్ని దింపాం. మళ్ళీ లోపలికి తోసి రెండు తలుపులకీ లక్క సీళ్ళు వేశాం. అటు పక్క తలుపు అసలు తెరవనే లేదు సార్. తెరవకుండానే సీలు వేశాం. ఎనిమిదీ యాభైకి. రాసి ఉంది."

"ఆ తర్వాత?"

"ఇదే తెరవడం."

తాళాలాయన ముందు దూలం కింద నిలబడి తల ఎత్తాడు. తుప్పు పట్టిన ఇనుము. డ్రైవరు వైపు తలుపు అంచు తగిలే చోట బండి ఎర్ర రంగు గీత ఒకటి సన్నగా ఉంది. ఒక్కటే. వేలితో దాని మీద రాసి చూశాడు. అటూ ఇటూ తడిమాడు. ఇంకెక్కడా ఏమీ లేదు.

"ఊపిరాడని మనిషి తలుపుని ఎన్నిసార్లు గుద్దుతాడు?" అన్నాడు.

కానిస్టేబుల్ దూలాన్ని చూశాడు. రాసుకున్నాడు.

కానిస్టేబుల్ కంతలోంచి చెయ్యి దూర్చి, రెండు సీట్ల మధ్య కన్నంలో తాళంచెవి తిప్పి స్టీరింగు విడిపించాడు. ముగ్గురూ కలిసి బండిని పెరట్లోకి తోశారు. సీలు విప్పి ఎత్తగానే డ్రైవరు వైపు తలుపు బుస్సుమంటూ పైకి లేచింది. సీటు పొడిగా ఉంది. తల మీద రింగు ఉంది. రింగుకి ఎర్ర దారం ఉంది. ముడి కూడా కదల్లేదు.

"ఈ దారం తెగలేదని రాయి. టైము వేసి రాయి. కంపౌండరు చేత సంతకం పెట్టించు," అన్నాడు తాళాలాయన. రింగు ఎందుకో కూడా ఇద్దరికీ చెప్పాడు.

కంపౌండరు సంతకం పెట్టాడు. పెట్టి, అలాగే నేల మీద కూలబడ్డాడు. "మూడుసార్లు లాగి చూసుకున్నారు సార్. నాకు చూపించారు కూడా. తెలిసుండీ లాగలేదంటే..."

"లాగడానికైనా, ఇంజను తాళం తిప్పడానికైనా ఒంట్లో తెలివి ఉండాలి," అన్నాడు తాళాలాయన.

అవతలి తలుపు సీలు విప్పి ఎత్తారు. ముక్కిపోయిన వాసన గుప్పుమంది. సీటు మీద చెయ్యి పెట్టి నొక్కితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఊరాయి. మూడు రోజులు మూసి ఉండటంతో మెత్త లోపలి తడి ఆరలేదు.

ఇక చెప్పక్కర్లేదు. వాన పడుతుండగా ఈ తలుపు ఎవరో తెరిచారు. షెడ్డులో ఇది తెరుచుకోదు. అంటే బయటే తెరిచారు. డ్రైవరు సీటులో మనిషి అలాగే ఉండగా, రెండో మనిషి వానలో ఇటువైపు నుంచి దిగాడు. తలుపు మూశాడు. నడుస్తున్న ఇంజనుతోనే బండిని లోపలికి తోశాడు. షట్టరు దించాడు. నడిచి వెళ్ళిపోయాడు.

 డాక్టరు ఆ చీకట్లో ఎంతసేపు బతికి ఉన్నాడో అన్న ఆలోచన తాళాలాయనకి వచ్చింది. దాన్ని పక్కకి నెట్టాడు.

"నువ్వొకసారి ఇటు కూర్చుని తలుపు వేసుకో," అన్నాడు కానిస్టేబుల్‌తో.

కానిస్టేబుల్ తడి సీటు మీద గోనె సంచీ పరుచుకుని కూర్చున్నాడు. తల పైకి చెయ్యి చాచాడు. ఏమీ అందలేదు. తలుపు అంచు కోసం సగం లేచాడు, నెత్తి కొట్టుకుంది. పక్కన తడిమాడు. ముందు తడిమాడు. "దీనికి పట్టీ లేదా సార్? ఇదేం తలుపండీ బాబూ, ఎక్కినవాడు కొమ్మకి వేలాడినట్టు వేలాడాలా?"

"సరే, దిగు. వెతికినంతసేపు ఎంతైంది?"

"రెండు నిమిషాలు."

"రాసుకో. పట్టీ దొరకలేదని కూడా రాసుకో."

అందరూ అటు తిరిగాక తాళాలాయన సీటు వెనక్కి చెయ్యి పెట్టాడు. మేస్త్రి చెప్పింది తెలిసి ఉండి కూడా జేబు దొరకడానికి కాసేపు పట్టింది. పట్టీ కొసని వేళ్ళతో తాకి అలాగే వదిలేశాడు.

మూడింటికి అయిదు నిమిషాలుండగా జీపు చప్పుడైంది. ఇస్త్రీ దిగాడు. తెరిచి ఉన్న రెండు రెక్కలనీ చూశాడు.

"ఏం పెద్దాయనా, బండి ఎగిరిపోతుందని కాపలానా? తేలిందా ఏమైనా?"

"ఆ సీటు తడిగా ఉంది. ఈ సీటు పొడిగా ఉంది."

"షెడ్డు కప్పు కారి ఉంటుంది."

"కప్పు కారితే మూసిన తలుపులోంచి సీటులోకి ఎలా పడుతుంది?"

"ఫైబరు బండి, మీ బావమరిది చేతి పని. ఎక్కడైనా కారుతుంది." ఇస్త్రీ దగ్గరికొచ్చాడు. "చూడు, చెల్లెలు ఏడుస్తోందని వచ్చావ్. అర్థమైంది. కానీ పోయినవాడు వానలో తడవడం ఇష్టం లేక లోపలికి నడిపేశాడు. దూలం సంగతి మర్చిపోయాడు. తలుపు జానెడు లేచి ఆగిపోయింది. చచ్చాడు. ఇందులో డిటెక్టివులు తేల్చేదేం లేదు. మీ బావమరిదికి అయిదేళ్ళు పడతాయి. బయటికొచ్చాక ఎడ్లబళ్ళు చేసుకోమను, వాటికి తలుపులుండవు."

తాళాలాయన తల వంచుకున్నాడు. అలసిపోయిన మనిషిలా ఊపిరి వదిలాడు. ఆ అలసటలో నటన కొంచెమే.

"నా ముసలి బుర్రకి ఎక్కట్లేదు. ఒక్కసారి లోపల కూర్చుని చూపించండి, ఎలా ఇరుక్కున్నాడో. డాక్టరు సీటులో నేను కూర్చుంటాను. మీరు పక్కన కూర్చోండి. వాళ్ళు తోస్తారు. తలుపు నిజంగా తెరుచుకోకపోతే మీ కాయితం మీద సాక్షి సంతకం నేనే పెడతాను."

ఇస్త్రీ కళ్ళు మెరిశాయి. మేస్త్రి తరఫు మనిషే సాక్షి సంతకం పెడితే ఇక కేసుకి తిరుగులేదు. "నీ చేత్తోనే పెడతావా? రా అయితే."

గడప ఎత్తు, సీటు పల్లం. ఇస్త్రీ ఒక కాలు లోపల పెట్టగానే నడుముకున్న పిస్తోలు అంచుకి తట్టుకుంది. విసుక్కుంటూ బెల్టు విప్పి కానిస్టేబుల్ చేతికిచ్చాడు. గోనె సంచీ సర్ది, మడతలు నలగకుండా జాగ్రత్తగా కూర్చున్నాడు.

తాళాలాయన అప్పటికే డ్రైవరు సీటులో ఉన్నాడు. తల మీది పట్టీ పట్టుకుని తన తలుపు వేసుకున్నాడు. పక్కకి చూడలేదు. ముందు అద్దంలో మాత్రం చూస్తున్నాడు.

ఇస్త్రీ మాట్లాడుతూనే ఉన్నాడు. "ఇదంతా వేషాలు. నాలుగు చక్రాలకి తలుపు పక్కకి తెరుచుకుంటే..." అంటూ ఎడం చెయ్యి నడుము వెనక్కి పెట్టాడు. చూడలేదు. వెతకలేదు. తన జేబులో రుమాలు తీసుకున్నంత సుళువుగా పట్టీ కొస బయటికి లాగాడు. తలుపు కిందికి దిగి టక్కున మూసుకుంది.

తలుపు బయట కానిస్టేబుల్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

 తాళాలాయన కళ్ళు ఆ చేతి మీదే ఉన్నాయి, ఇంకా పట్టీని పట్టుకుని ఉన్న ఆ చేతి మీద. ఒక్క క్షణం ఎక్కువ చూశాడు. తర్వాత తెలిసింది, ఇస్త్రీ కూడా తననే చూస్తున్నాడని.

ఇస్త్రీ మొహంలో నవ్వు మెల్లమెల్లగా ఆరిపోయింది.

"తోయండి," అన్నాడు కంతలోంచి, బయటికి.

కంపౌండరు, కానిస్టేబుల్ తోశారు. బండి దూలం కిందికి జారింది. వెలుతురు తగ్గింది.

"కంపౌండరూ, నువ్వు ఆసుపత్రిలోకి పో. ఏయ్, నువ్వు షట్టరు దించి వెళ్ళు. పది నిమిషాలయ్యాక వచ్చి బయటికి తోయి."

"సార్..."

"దించమన్నానా?"

షట్టరు గరగరమంటూ కిందికి దిగింది. చీకటి. బయట ఎండ ఉన్నట్టు గుర్తుగా కింద ఒక సన్నని గీత మాత్రం మిగిలింది.

 ఇస్త్రీ గొంతు మామూలుగానే ఉంది.

"పట్టీలో ఏముంది?"

"ఆయన పోయిన ముందు రోజు సాయంత్రం ఆరున్నరకి కుట్టారు దాన్ని. మర్నాడు ఎనిమిదీ యాభైకి సీలు పడింది. మధ్యలో డాక్టరు కాక ఈ సీటులో ఒక్కడే కూర్చున్నాడు."

"అదా." ఇస్త్రీ నిట్టూర్చాడు. "వాడే చూపించాడు. వెనక్కి చెయ్యి పెట్టండి సార్, కొత్తగా పెట్టించాను అన్నాడు. ఎంత మురిసిపోయాడో! ఒళ్ళో ఆ పళ్ళ పెట్టె పెట్టుకుని తలుపు పట్టీ గురించి మాట్లాడాడు. పోయినేడాది కాలిపోయిన శవం గుర్తుందా? పారిపోయిన దొంగ వాడేనని ఈ డాక్టరే పళ్ళు చూసి సంతకం పెట్టాడు. ఆ కేసు మూసినందుకే నాకు ఈ కుర్చీ ఇచ్చారు. ఇప్పుడు, ఆ పళ్ళు వాడివి కావు, మీరు బెదిరిస్తే రాశాను, నిద్ర పట్టట్లేదు అంటాడు. ఇద్దరం కలిసి పైవాళ్ళ దగ్గరికెళ్ళి చెబుదాం రమ్మన్నాడు. వాడి నిద్ర కోసం నేను జైలుకి పోవాలా?"

"దొంగ బతికే ఉన్నాడా?"

"ఉంటాడు ఎక్కడో. ఎవడిక్కావాలి?" ఇస్త్రీ కుడి చెయ్యి చీకట్లో లేచింది. తాళాలాయన మెడ వెనక, చెవి కింద, బరువుగా వచ్చి ఆగింది. "నువ్వు చూసింది ఎవరూ నమ్మరు. బావమరిది కోసం కట్టుకథ చెబుతున్నావంటారు. సంతకం పెట్టి ఇంటికి పో. లేదంటావా, ఈ బండి ఇంకో ముసలాణ్ణి మింగిందంటే జనం ఆశ్చర్యపోరు."

తాళాలాయన కదల్లేదు. చెల్లెలు గుమ్మంలో నిలబడటం గుర్తొచ్చింది. లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది.

"పెట్టను," అన్నాడు.

మెడ మీద వేళ్ళు బిగుసుకున్నాయి.

"సార్," అంది ఒక గొంతు.

టార్చి వెలిగింది. షట్టరుకి ఇవతల, గోడకి వీపు ఆనించి, కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. భుజానికి ఇస్త్రీ బెల్టు వేలాడుతోంది. టార్చి చంకలో పెట్టుకుని పుస్తకంలో రాసుకుంటున్నాడు. 

"షట్టరు దించి వెళ్ళమన్నానుగా!"

"దించాను సార్. వెళ్ళలేదు." పుస్తకంలో ఒక పేజీ వెనక్కి తిప్పాడు. "నాకు రెండు నిమిషాలు వెతికినా పట్టీ దొరకలేదు సార్. మీరు చూడకుండా తీశారు. మూడూ నాలుగుకి తీశారు. ఇప్పుడు మూడూ పదకొండు. కంత తెరిచే ఉంది, మీరు చెప్పిందంతా విని రాసుకుంటున్నాను. ప్రతిదానికీ టైము రాయమన్నది మీరే కదా."

ఇస్త్రీ చెయ్యి మెడ మీది నుంచి జారింది. "బయటికి తోయి బండిని."

"పైవాళ్ళకి ఫోను చేశాక తోస్తాను సార్."

"తలుపు తెరువ్!"

"ఎలా తెరుచుకుంటుంది సార్?" అన్నాడు కానిస్టేబుల్. వెక్కిరింపు లేదు అందులో, ఏడుపు ఉంది. "జానెడు లేచి ఆగిపోతుందని మీరే రాయించారు."

ఇస్త్రీ గడియ లాగాడు. భుజంతో తలుపుని పైకి గుద్దాడు. ధడేల్‌మని దూలానికి తగిలింది. మళ్ళీ గుద్దాడు. మళ్ళీ. నున్నటి చొక్కా భుజం దగ్గర చిరిగింది. కంతలో చెయ్యి పెట్టి మోచేతి దాకా ఇరికించుకుని, పీక్కుని, మళ్ళీ గుద్దాడు. తన తల మీద ఎర్ర దారం కట్టిన రింగొకటి ఉందని ఆయనకి తెలీదు. మేస్త్రి చెప్పబోతే నోరు మూసుకోమన్నాడు.

తాళాలాయన తన వైపు రింగు జోలికి పోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన మనిషి కొట్టుకుంటుంటే బండంతా ఊగుతోంది.

"ఇది కూడా రాయమంటారా సార్?" అన్నాడు కానిస్టేబుల్, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, తాళాలాయన వైపు చూస్తూ.

"ఆయన ఆగాక, దూలం మీద గీతలు లెక్కపెట్టి రాయి," అన్నాడు తాళాలాయన. "డాక్టరు వైపు ఒక్కటే ఉంది."